మద్దిచెట్టు కింది వాననీళ్ళు

1948 వానాకాలం. నిజాం రాజ్యం ఇంకా ఉంది. ఎన్నాళ్ళుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు. హైదరాబాదులో అడవులకు సంబంధించిన ఒక చిన్న లేబరేటరీలో నేను కెమిస్టుకు సహాయకుణ్ణి. ఇబ్రహీంపట్నం అవతల గుట్టల మీదున్న అడవికి పోయి, వాననీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి, వాటిలో ఏముందో చూడటం నా పని. బంధువులెవరైనా ఏం ఉద్యోగమని అడిగితే, ఈ మాట చెప్పడానికి నాకే ఎలాగో ఉండేది. ఊళ్ళు అట్టుడికిపోతుంటే వాననీళ్ళు చూసే ఉద్యోగమేమిటి?

ఆ పని వెనక ఉన్న ప్రశ్న మాత్రం మంచిది. పొలానికి రైతు ఎరువు వేస్తాడు. అడవికి ఎవరూ వేయరు. మరి ఆ పలచటి ఎర్రమట్టిలో చెట్లు ఏం తిని బతుకుతున్నాయి? మా కెమిస్టును మేం పెద్దసాబ్ అనేవాళ్ళం. తెల్లగడ్డం, మెత్తటి మాట, ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడేవారు. ఆయన నాకు ఇలా చెప్పారు: "వాన ఊరికే నీళ్ళు మాత్రమే తేదు. గాలిలోది కొంత తెస్తుంది. ఆకుల మీదినుంచి కొంత కడుగుతుంది. మట్టిలోకి దిగేటప్పుడు కొంత బలాన్ని లాక్కుని కిందికి పోతుంది." ఈ చివరిదాన్నే మా వాళ్ళు లీచింగ్ అంటారు.

ఈ మూడూ విడివిడిగా తెలుసుకోవడానికి మూడు చోట్ల సీసాలు పెట్టాం. చెట్లు లేని బోడి మీద ఒక గరాటు, దాని కింద సీసా. అక్కడ పడేది ఉట్టి వాన. కాస్త దిగువన గుంపుగా పెరిగిన నల్లమద్ది చెట్ల కింద ఇంకొకటి. అందులో పడేది ఆకులను కడిగిన వాన. అదే చెట్ల కింద నేలకు పక్కనుంచి గొయ్యి తవ్వి, మట్టిపొర కదలకుండా దాని అడుగున ఒక పింగాణీ పూత పళ్ళెం దూర్చాం. మట్టిలోంచి దిగిన నీళ్ళు ఆ పళ్ళెంలోకి, అక్కణ్ణుంచి గొట్టం గుండా మూడో సీసాలోకి వస్తాయి. దీన్ని లైసిమీటర్ అంటారు.

వీటికి కాపలాదారు కొమురయ్య. ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టే కుటుంబంవాడు. చెరువు ఎండిన ఏడాది ఈ కొలువులో కుదిరి, ఇక వదల్లేదు. గుట్ట మొదట్లో రాళ్ళగోడల గుడిసెలో ఉండేవాడు. వాన పడ్డాక సీసాలు మార్చి, నిండినవి చల్లటి చోట దాచేవాడు. నేను వారానికోసారి బస్సులో ఇబ్రహీంపట్నం చేరి, అక్కణ్ణుంచి సైకిలు మీద పోయి తెచ్చుకునేవాణ్ణి.

శ్రావణంలో నాకు తలనొప్పి మొదలైంది. మద్దిచెట్టు కింది నీళ్ళలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే నీలంగా మారింది. అంటే ఆ నీళ్ళలో క్షారం ఉంది. వాననీళ్ళలో అలా ఉండకూడదు. పరీక్ష చేస్తే పొటాష్ అనే లవణం ఎన్నడూ లేనంతగా వచ్చింది. చెట్టు ఆకుల్లోంచి కొంత పొటాష్ వానకు కరిగి దిగడం మామూలే గానీ, ఇంత కాదు. ఆరుబయట పెట్టిన సీసాలో మాత్రం ఏ తేడా లేదు. అదే వాన, అదే గుట్ట.

పెద్దసాబ్ కాగితం వంక చూసి నవ్వారు. "మీవాడు సీసాను బూడిదతో తోమి ఉంటాడు. పల్లెల్లో గిన్నెలన్నీ అట్లాగే తోముతారు కదా."

అదే అయివుంటుందని నాకూ అనిపించింది. కట్టెబూడిదలో ఉండేది పొటాషే, దానికి క్షారగుణమూ ఉంది. మరుసటి వారం గుట్టకు పోగానే అడిగాను.

"కొమురన్నా, సీసలు దేంతోని కడుగుతున్నవ్?"

"నువ్వు చెప్పినట్టే సారు. సక్కటి నీళ్ళతోని."

"బూడిద గిట్ల పెట్టి తోముతలేవు గద?"

"గాజు సీసకు బూడిదేంది సారు? గీతలు పడయా?"

"మరి చెట్టు కింది నీళ్ళల్ల బూడిద ఎట్లొచ్చింది?"

అంతవరకు నవ్వుతూ మాట్లాడుతున్న మనిషి మొహం మారిపోయింది. సీసాల బుట్ట ఎత్తుకుని అటు తిరిగాడు. "నాకేమెర్క సారు. చెట్టు నీళ్ళ సంగతి చెట్టునే అడగాలె."

నేను పట్టణంలో ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ నీళ్ళతో జాడించి తెచ్చిన కొత్త సీసాలను నా చేతులతోనే అమర్చి వచ్చాను. తరువాతి వారం తెచ్చి చూస్తే మళ్ళీ అదే నీలం రంగు, అదే పొటాష్. బోడి మీది సీసా మళ్ళీ మామూలే.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చిపడింది. చెట్టు కింద మట్టిలోకి అంత పొటాష్ దిగుతుంటే, అడుగున లైసిమీటర్ సీసాలోకి కూడా అది రావాలి కదా? రాలేదు. దానికి బదులు సున్నం వచ్చింది, అంతకు ముందెప్పుడూ లేనంత. పైన పోసింది ఒకటి, కింద పట్టుకున్నది ఇంకొకటి. నా టైట్రేషన్ తప్పిందనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ సున్నమే.

పెద్దసాబ్ ఈసారి నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని విడమరచి చెప్పారు. మట్టిరేణువులు సున్నాన్ని తమ ఒంటికి అంటించుకుని ఉంటాయి. పైనుంచి పొటాష్ ఎక్కువగా వస్తే దాన్ని పట్టుకుని, ఆ మేరకు సున్నాన్ని వదిలేస్తాయి. వదిలిన సున్నం నీళ్ళతో కిందికి జారుతుంది. దీన్ని బేస్ ఎక్స్ఛేంజ్ అంటారు. వానలో ఏమి కలిసిందన్న దాన్నిబట్టి నేల తన దగ్గరున్న దేన్ని పోగొట్టుకుంటుందో మారుతుంది.

"అయితే ఒక సంగతి," అన్నారాయన. "బూడిద సీసాలోనే ఉంటే మట్టికి ఆ సంగతి తెలియదు. మట్టి సున్నం వదిలిందంటే ఆ పొటాష్ నిజంగానే చెట్టు మీదినుంచి నేల మీద పడుతోంది. ఆ కాపలాదారు చెప్పింది నిజం. కానీ చెట్టు మీద బూడిద ఎందుకుంది?"

 

తరువాత పోయినప్పుడు వాన పడి కొన్నాళ్ళయింది. మద్ది ఆకు ఒకటి తెంపి, తడిపిన ఫిల్టర్ కాగితంతో తుడిచాను. కాగితం బూడిద రంగుకు తిరిగింది. దాని మీద లిట్మస్ అద్దితే నీలం. ఆ కొమ్మా, ఈ కొమ్మా చూశాను. దిగువన లోయ వైపున్న ఆకుల మీద మరీ ఎక్కువ. కొమురయ్య వెనకాలే నిలబడి ఉన్నాడు.

"అడవిల దుమ్ముంటది సారు. ఇగ పోదాం. మొగులైతుంది, వానొస్తది."

"ఇది దుమ్ము గాదు, బూడిద. కింద ఏమున్నది కొమురన్నా?"

"ఏం లేదు. ఒర్రె ఉన్నది. పాములుంటయి."

నేను దిగాను. అతను "సారూ, సారూ" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు గానీ గట్టిగా లాగలేదు. కొంత దూరం దిగాక పొగ వాసన తగిలింది. చిన్న వాగు లాంటి ఆ ఒర్రె మలుపులో పెద్ద బండల వెనక మనుషులున్నారు. ఆడవాళ్ళు, పిల్లలు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు. రాళ్ళ పొయ్యిలు వరసగా ఉన్నాయి. ఒక పొయ్యి పక్కన గోనె మీద ఒక బాలింత పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని సెగకు కాపుతోంది. నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు. 

"మా చెల్లె సారు, బాలమణి," అన్నాడు కొమురయ్య ఆ బాలింతను చూపిస్తూ. "గా గుట్టకు అవతలి ఊరోళ్ళు వీళ్ళంత. ఊర్ల ఉండేటట్టు లేదు."

"ఎవరొచ్చిన్రు ఊరి మీదికి?"

ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబులు ఇప్పటికీ గుర్తే. ఒకావిడ రజాకార్లు వస్తున్నారంటే పారిపోయామంది. ఇంకొకావిడ, కాదు, పోలీసులు సంఘపోళ్ళ కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, వచ్చారంది. ఎవరొచ్చారో చూడలేదనీ, పక్క ఊరి వైపు మంట కనిపిస్తే ఉన్నపళంగా వచ్చేశామనీ ఒక ముసలాయన అన్నాడు. ఇళ్ళు అంటుకున్నాయా లేదా అన్నది కూడా వాళ్ళకు సరిగా తెలియదు. తిరిగిపోయి చూసినవాళ్ళు లేరు.

ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది. "బిడ్డా, నువ్వెవలోనివి? గిటోనివా, గటోనివా?"

"నేను వాననీళ్ళు చూసెటోణ్ణవ్వా."

"ఏంజూస్తవ్ వాననీళ్ళల్ల?"



చీకట్లో మంట దూరానికి కనబడుతుందని వాళ్ళు పగలే వండుకునేవాళ్ళు. పగలైతే పొగ కనబడుతుంది. మద్దిచెట్ల గుంపు కిందైతే పొగ ఆకుల్లో చెదిరిపోతుందని ఆ చోటు ఎంచుకున్నారు. పసిపిల్ల కోసం బాలమణి రాత్రిళ్ళు కూడా పొయ్యిలో నిప్పులు ఆరనిచ్చేది కాదు. ఆ పొగలోని బూడిద నాలుగైదు రోజులు ఆకుల మీద పేరుకుని, వాన రాగానే ఒక్కసారిగా కిందికి దిగేది. గాలి బోడి వైపు కాక లోయ వెంబడి వీచే కాలం కాబట్టి బోడి మీది సీసా దాకా అది పోలేదు. నా లెక్కలన్నీ అక్కడికక్కడే తేలిపోయాయి. సంతోషించాల్సినవాణ్ణి. నోటుపుస్తకంలో మాత్రం ఆ సంగతి రాయలేదు.

ఆ రోజు సీసాలు సంచిలో వేసుకుని కొమురయ్యతో గుట్ట దిగుతుండగా దారిలో ఆపారు. ఖాకీ బట్టలు, తుపాకులు. పోలీసులా, రజాకార్లా, ఏ దొర మనుషులా, అప్పుడు పోల్చుకోలేకపోయాను. ఆ తరువాత ఎంత ఆలోచించినా తేలలేదు. నాయకుడు పొట్టిగా ఉన్నాడు, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడాడు.

"సంచిల ఏమున్నది?"

"వాననీళ్ళు."

ఒకడు సీసా మూత తీసి వాసన చూశాడు, కిరసనాయిలేమోనని. నాయకుడు నా గుర్తింపు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "వాననీళ్ళ కోసం సర్కారు జీతమిస్తదా? ఏంజేస్తవ్ వీటిని? చూపియ్."

లిట్మస్ పుస్తకం తీశాను. బోడి మీది సీసాలో ఎర్ర కాగితం ముంచాను. మారలేదు. తొందరలో ఆ తరువాత ఏ సీసా తీస్తున్నానో చూసుకోలేదు. అది మద్దిచెట్టు సీసా. కాగితం మెల్లగా నీలమైంది. చుట్టూ ఉన్నవాళ్ళు గారడీ చూసినట్టు ముందుకు వంగారు.

"గిదేంది?" అన్నాడు నాయకుడు. "ఒక్క గుట్ట మీది వాననే గద. గది ఎర్రగ, గిది నీలంగ ఎందుకున్నది?"

కొమురయ్య నా పక్కనే ఉన్నాడు. అతని ఊపిరి వినబడుతోంది.

"అది చెట్టు కింది నీళ్ళు," అన్నాను. "కొమ్మల మీద పక్షులుంటయి. రెట్టలు కడుక్కొస్తయి."

నా చదువు విషయంలో తెలిసి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. నాయకుడు సీసా నా చేతికిచ్చాడు. ఇస్తూ ఇస్తూ ఇంకా దగ్గరికొచ్చి నా చొక్కా కాలరు దగ్గర వాసన చూశాడు.

"పొగ వాసనొస్తుంది నీ అంగి. పక్షులు పొగ గూడ పెడుతున్నయా?"

నేను సీసాకు మూత బిగిస్తూ ఉండిపోయాను. అతను తలెత్తి గుట్ట వైపు చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది. మద్దిచెట్ల మీద పలచగా ఏదో తెల్లగా ఉంది. మంచో పొగో, తెలియనివాడికి తెలియదు.

"పక్షులే అయితయి," అన్నాడు చివరికి. "జల్ది పో. వానొస్తుంది."

వాళ్ళు ఊరి వైపు సాగిపోయారు. కొమురయ్య దారి పక్కనే కూలబడ్డాడు. "ఎందుకు ఇడిసిపెట్టిండు సారు?" అని అడిగాడు. అతను నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ మనిషికి అర్థం కాలేదా, అర్థమయ్యే వదిలేశాడా, వెనక్కి తిరిగొద్దామనుకున్నాడా? తిరిగి రాలేదని మాత్రం తరువాత తెలిసింది.

పెద్దసాబ్‌కు ఏం చెప్పాలో బస్సులో ఎంత ఆలోచించినా తోచలేదు. మర్నాడు ఆయన ముందు కూడా పక్షులే అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంత పొటాషా? ఏం తింటున్నాయి ఆ పక్షులు?" అని నా వంక ఓసారి చూసి, "సరే, కొన్నాళ్ళు ఆ చెట్టు నీళ్ళు ఎవరికీ చూపించవద్దు. లైసిమీటర్ మాత్రం చూస్తూ ఉండు," అన్నారు. ఆయనకు ఎంత తెలిసిందో నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. కొద్దిరోజుల్లోనే అంతా అయిపోయిందన్నారు. రోడ్ల మీద జెండాలు, కేకలు. లేబరేటరీకి తాళం పడింది. మళ్ళీ తెరిచాక నేను గుట్టకు పోయినప్పుడు మద్దిచెట్టు నీళ్ళలో ఎర్ర కాగితం ఎర్రగానే ఉంది. ఒర్రెలో పొయ్యిరాళ్ళు తప్ప ఏమీ లేవు. బాలమణి పిల్లతో ఇంటికి పోయిందని కొమురయ్య చెప్పాడు. వాళ్ళ ఇల్లు కాలలేదట. నా లెక్క ముగిసిందనుకున్నాను.

దసరా తరువాత ముసురు పట్టింది. ఆ వారం తెచ్చిన సీసాలో కాగితం మళ్ళీ నీలమైంది.

నాకేమీ పాలుపోలేదు. భయం పోయిందన్నారు కదా, ఇంకెవరు దాక్కుంటారు? ఈసారి కొమురయ్య నన్ను ఆపలేదు, తనే ఒర్రెలోకి తీసుకుపోయాడు. అదే బండల వెనక ఒక కుటుంబం. బురఖా ముసుగు తలమీదికి లాక్కున్న ఒక నడివయసు ఆమె, ఆమె ముసలి మామ, ఇద్దరు ఆడపిల్లలు. పొయ్యి మీద గంజి కాగుతోంది. దాన్ని కలుపుతున్నది బాలమణి. పసిపిల్ల ఆ ముసలాయన ఒళ్ళో ఉంది.

నా మొహంలో ప్రశ్న బాలమణికి కనబడినట్టుంది. "మా ఊరి దర్జీ ఇంటోళ్ళు సారు," అంది. "ఊర్ల ఇప్పుడు తుర్కోళ్ళకు మస్తు తక్లీఫున్నది. దర్జీ జాడ లేదు."

"అప్పుడు నువ్వు దాక్కున్నది వీళ్ళోళ్ళకు భయపడే గద?" అనేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

ఆమె గరిటె ఆపి నన్ను చూసింది. కోపంగా కాదు, నేను ఏ భాషలో మాట్లాడానో తెలియనట్టు. "గీమెకు భయపడి గాదు సారు. గీమె నా రైకలు కుట్టింది. నా పిల్లకు గీ కుళ్ళాయి కుట్టింది. గప్పుడొచ్చినోళ్ళెవలో గీమెకేమెర్క, నాకేమెర్క?"

బురఖా ఆమె అసలు తల ఎత్తలేదు. ముసలాయన మాత్రం పసిపిల్లను అటూ ఇటూ ఊపుతూ, నా సంచి చూసి, అందులో మందులున్నాయా అని ఉర్దూలో అడిగారు. వాననీళ్ళన్నాను. ఆయన తలూపారు, అది మామూలు సంగతే అన్నట్టు.

పెద్దసాబ్ ఆ రోజుల్లో ఇల్లు కదలడం లేదు. రోడ్డు మీదికి రావడానికి ఆయనకు భయంగా ఉండేది. రిపోర్టు వంకతో వాళ్ళింటికి పోయి, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు దాక్కున్నది ఎవరో, ఇప్పుడు దాక్కున్నది ఎవరో. 

"లైసిమీటర్‌లో సున్నం ఇంకా వస్తోందా?" అని అడిగారు.

"వస్తోంది సాబ్. మధ్యలో చెట్టు నీళ్ళు బాగుపడ్డప్పుడు కూడా వస్తూనే ఉంది."

"వస్తుంది. మట్టి దగ్గర ముందటి పొటాష్ ఉంది కదా," అన్నారాయన. కిటికీ రెక్క దగ్గరికి వేసి, లోపలికి పోయి, రొట్టెలు, చక్కెర, ఒక దుప్పటి మూటకట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎవరికి అని చెప్పలేదు. కొన్నాళ్ళకు ఆయన కొలువు వదిలి ఎటో పోయారు. దర్జీ కుటుంబం చలికాలంలో ఊరికి తిరిగొచ్చింది. దర్జీ మాత్రం రాలేదు.

ఆ తరువాత నేను చాలా ఏళ్ళు నీళ్ళూ మట్టీ పరీక్ష చేస్తూనే బతికాను. ఆ వానాకాలం నాకు రసాయనం నేర్పింది: అడవి నేలలోంచి ఏ బలం కిందికి పోతుందన్నది మట్టి ఒక్కటే తేల్చదు, పైనుంచి వచ్చే నీళ్ళలో ఏముందో అదీ తేలుస్తుంది. అంతకు మించి ఏం నేర్చుకున్నానో స్పష్టంగా చెప్పలేను. ఎవరు ఎవరికి భయపడ్డారో, ఎవరు ఎవరిని ఎందుకు వదిలేశారో వరసగా చెప్పమంటే ఇప్పటికీ తడబడతాను.

కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా అసాధ్యమైన అంకె పట్టుకొచ్చి, "పరీక్ష తప్పింది సార్, కొట్టేయమంటారా?" అని అడిగేవారు. వద్దనేవాణ్ణి. ముందు ఆ నీళ్ళు పట్టిన చోటికి పోయి, చుట్టుపక్కల ఎవరు బతుకుతున్నారో చూసి రమ్మనేవాణ్ణి. చూసొచ్చాక ఆ సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో కూడా అడిగేవారు కొందరు. దానికి మాత్రం నేను ఏ పద్ధతీ నేర్పలేకపోయాను.